అద్దాల పెట్టెలో ఉత్ప్రేరకం

మా కాలేజీ ఇబ్రహీంపట్నం దాటాక సాగర్ రోడ్డు నుంచి కొంచెం లోపలికి, రెండు రియల్ ఎస్టేట్ వెంచర్ల మధ్య ఉంటుంది. ఒక వెంచర్‌కు పెద్ద ఆర్చి ఉంది, ఇళ్లు లేవు. ఇంకోదానికి ఇళ్లున్నాయి, రోడ్డు లేదు. ఆ రెండింటి నడుమ నాలుగంతస్తుల ఇంజనీరింగ్ కాలేజీలో నేను కెమిస్ట్రీ చెప్పేదాన్ని. ఇంజనీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ పెళ్లింట్లో దూరపు చుట్టం లాంటిది. మొదటి సంవత్సరం పిల్లలకు తప్పదు కనుక పరిచయం చేస్తారు. రెండో సంవత్సరం నుంచి వాళ్లు కారిడార్‌లో ఎదురుపడినా గుర్తుపట్టరు.

ఉద్యోగం చేస్తూనే పార్ట్‌టైం పీహెచ్‌డీకి నమోదు చేసుకున్నాను. లోహ ఆక్సైడ్‌ను ఒక ఆధారం మీద పట్టించి, దాన్ని ఉత్ప్రేరకంగా వాడి, సేంద్రియ పదార్థాలను కాలుష్యం తక్కువయ్యేలా తయారుచేయడం నా పరిశోధన. చెప్పడానికి ఇంత పొడవుంది కానీ చేసే పని చిన్నదే. తెల్లటి అల్యూమినా పొడిని నీలం రంగు రాగి లవణం నీళ్లలో నానబెట్టాలి. ఆరబెట్టాలి. కరెంటు ఫర్నెస్‌లో ఎర్రటి వేడి మీద నాలుగు గంటలు కాల్చాలి. తీసి చూస్తే నీలం పోయి నల్లపొడి మిగులుతుంది. తెల్ల రేణువుల మీద రాగి ఆక్సైడ్ పలచగా పట్టి ఉంటుందన్నమాట. ఆ నల్లపొడి చిటికెడు వేస్తే రెండు పదార్థాలు తొందరగా కలిసి మూడోది తయారవుతుంది. పని అయ్యాక పొడిని వడగట్టి, కడిగి, ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఘాటు ఆమ్లాలు పోయక్కర్లేదు, తర్వాత వాటిని పారబోయక్కర్లేదు. అందుకే దీన్ని హరిత రసాయనశాస్త్రం అంటారు.

ఆ హరితం ఎంతటిదో నాకు కొన్నాళ్లకే తెలిసింది. ఫర్నెస్ వేడెక్కే సమయానికి కరెంటు పోయేది. వెంటనే వెనకవైపు డీజిల్ జనరేటర్ వేసేవారు. అది కిటికీల నిండా పొగ వదులుతూ గంటల తరబడి నడిచేది. నేను లోపల కూర్చుని నోట్‌బుక్‌లో ‘పర్యావరణానికి హాని లేని సులువైన పద్ధతి’ అని రాసుకునేదాన్ని. చిటికెడు పొడిని మళ్లీ వాడటం కోసం కడగాలంటే, అసలు రియాక్షన్‌కు పట్టినదానికి నాలుగింతలు ఆల్కహాల్ పట్టేది. ఆ సంగతి నా పరిశోధన పేపర్‌లో రాయలేదు. నేను చదివిన పేపర్లలో ఎవరూ రాయలేదు కనుక నాకది తప్పనిపించలేదు.

మా ల్యాబ్ అటెండర్ యాభై దాటిన ఆవిడ. వాళ్ల ఇల్లు ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు అలుగు దిక్కున. కాలేజీలో అందరూ ఆమెను ఆపా, అంటే అక్క, అనేవారు, నేనూ అలాగే పిలిచాను. ఏడో తరగతి దాకా ఉర్దూలో చదువుకుంది. సీసాల మీది ఇంగ్లిష్ లేబుళ్లను చదవదు, ముఖాలు గుర్తుపెట్టుకున్నట్టు గుర్తుపెట్టుకుంటుంది. తూకంలో మాత్రం నాకంటే ఆమె చెయ్యే నికరం. నేను మూడుసార్లు పోసి తీసే పొడిని ఆమె ఒక్కసారి చెంచా తట్టి సరిగ్గా దించేది.

ఒకరోజు నేను బీకర్ కడిగిన నీలం నీళ్లను సింకులో పోస్తుంటే పక్కనే నిలబడి చూసింది.

“మేడం, ఈ నీళ్లు ఏడికి పోతయ్?”

“డ్రైనేజీలోకి.”

“డ్రైనేజీ ఏడికి పోతది?”

నాకు తెలియదన్నాను. నిజానికి తెలుసు. కాలేజీ వెనక గుంత ఉంది. వానాకాలం గుంత నిండితే ఆ నీళ్లు కాలువలో పడతాయి. కాలువ వాలు చెరువు వైపే.

“మా మరిది గా చెరువులనే చేపలు పడతడు,” అంది ఆపా, ఫిర్యాదులా కాకుండా మామూలుగా. “గందుకే అడిగిన.”

మర్నాటి నుంచి నీలం నీళ్లను ప్లాస్టిక్ క్యాన్‌లో పోయడం మొదలుపెట్టాం. నెలకు క్యాన్ నిండింది. ఏం చేయాలని ఆఫీసులో అడిగాను. కెమికల్స్ తెప్పించుకోవడానికి ఫారం ఉంది కానీ పారేయడానికి ఫారం లేదన్నారు. ఫారం లేని పని జరగదు కనుక క్యాన్ నా టేబుల్ కింద చేరింది. నేను కాళ్లు పక్కకు పెట్టుకుని కూర్చునేదాన్ని. చివరికి ఆపాయే ఇంటి నుంచి కవర్‌లో సున్నం తెచ్చింది.

“బావిల నీళ్లు మురికైతే సున్నం ఏస్తం గద మేడం. గిండ్ల గూడ ఏసి సూడుండ్రి.”

సున్నం వేస్తే రాగి అడుగుకు దిగుతుందని నేను ఇంటర్మీడియట్‌లోనే చదువుకున్నాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. వేయాలన్న ఆలోచన మాత్రం ఆమెకు వచ్చింది. నీలం బురద అడుగున చేరింది, పైన తేట నీళ్లు మిగిలాయి. బురదను ఆరబెట్టి సీసాలో ఎత్తి పెట్టాం.

అప్పటికి నా రియాక్షన్ బ్రహ్మాండంగా నడుస్తోంది. పసుపు పొడి ఒకటి, గోధుమరంగు పొడి ఒకటి, రెండూ ఆల్కహాల్‌లో కరిగించి, నల్లపొడి చిటికెడు వేసి, కొంచెం వేడిచేస్తే ఇరవై నిమిషాల్లో మూడో పదార్థం తయారయ్యేది. పేరు క్వినాక్సలిన్. మందుల పరిశోధనలో ఆ కుటుంబానికి గిరాకీ ఉంది. నల్లపొడిని వడగట్టేసి, తేటను మంచునీళ్లలో పోస్తే తెల్లటి స్ఫటికాలు దిగేవి. నల్లపొడిని కడిగి ఐదుసార్లు మళ్లీ వాడాను. దిగుబడి ప్రతిసారీ కొంచెం తగ్గుతూ వచ్చింది. నగరంలో యూనివర్సిటీలో ఉండే మా గైడ్‌కు ఆ అంకెలు తెగ నచ్చాయి. “మెట్లు దిగినట్టు దిగాలమ్మా. ఒక్కసారిగా పడిపోతే అనుమానం, అసలు దిగకపోతే ఇంకా అనుమానం,” అన్నాడు. పేపర్ రాసేయమన్నాడు.

అప్పుడే కాలేజీకి తనిఖీ కమిటీ వస్తుందని కబురొచ్చింది. ఈసారి పర్యావరణానికి ప్రత్యేకంగా మార్కులున్నాయట. ప్రిన్సిపాల్ అందరినీ పిలిచి, ప్రతి డిపార్ట్‌మెంట్ తన పచ్చదనం తాను చూపించుకోవాలన్నాడు. మెకానికల్ వాళ్లు పాత లేత్ మెషిన్‌కు పచ్చరంగు వేశారు. సివిల్ వాళ్లు పూలకుండీలు అద్దెకు తెచ్చారు. కంప్యూటర్ వాళ్లు కాగితం వాడకం తగ్గించామని చెబుతూ గోడ పొడవునా ఫ్లెక్సీ ప్రింట్ చేయించారు. కెమిస్ట్రీ అనే డిపార్ట్‌మెంట్ ఒకటుందని ఆ రోజు ప్రిన్సిపాల్‌కు మొదటిసారి గుర్తొచ్చింది. నా పరిశోధన పేరులో ‘హరిత’ అన్న మాట చూసి స్వయంగా ల్యాబ్‌కు వచ్చాడు. నల్లపొడి సీసాను వెలుతురులో పట్టుకుని చూశాడు.

“ఇది నల్లగుంది గద మేడం?”

“రాగి ఆక్సైడ్ నల్లగానే ఉంటుంది సార్.”

“పచ్చగ ఉండేది ఏదన్న లేదా?”

“నికెల్ ఆక్సైడ్ ఉంది సార్. కానీ అది ఒంటికి మంచిది కాదు. క్యాన్సర్ తెస్తుంది.”

ఆయన కాసేపు ఆలోచించాడు. “ఎంత పచ్చగుంటది?” అని అడిగాడు.

ఎలాగో నల్లదానికే ఒప్పించాను. బదులుగా ఆయన ఒక అద్దాల పెట్టె తెప్పించి, పచ్చ శాటిన్ గుడ్డ పరిచి, దాని మీద నా సీసా పెట్టించి, తాళం వేయించాడు. తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. కమిటీ ముందు రియాక్షన్ చేసి చూపించాలని కూడా చెప్పాడు. ప్రదర్శన కోసం కొంచెం పొడి చిన్న సీసాలో పక్కన తీసిపెట్టమని ఆపాకు చెప్పాననే నేను అనుకున్నాను. చెప్పలేదు. ఆ వారమంతా అంత హడావుడిగా గడిచింది.

కమిటీలో ముగ్గురు వచ్చారు. ఒకాయన సివిల్, ఒకాయన ఎలక్ట్రానిక్స్, ఒకావిడ మేనేజ్‌మెంట్. కెమిస్ట్రీ వాళ్లు లేరు. ఫ్లాస్క్ వేడిచేసే గిన్నెలో, అంటే హీటింగ్ మాంటిల్‌లో, మెడ దాకా కూర్చుని ఉంది. వేసేవన్నీ ఆపా వేసింది. నేను దానికి వీపు పెట్టి కమిటీ వైపు తిరిగి ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఉత్ప్రేరకం అంటే పెళ్లి కుదిర్చే మధ్యవర్తి లాంటిదని, రెండు వైపులా కలిపి తాను చెక్కుచెదరకుండా బయటికొస్తుందని క్లాసులో చెప్పే ముక్కే చెప్పాను. మేనేజ్‌మెంట్ ఆవిడ నవ్వి రాసుకుంది. నేను మాట్లాడుతుండగానే ఆపా ఫ్లాస్క్ తీసి, ఎప్పటిలాగే కాగితంలో వడగట్టి, తేటను మంచునీళ్లలో పోసింది. తెల్లటి స్ఫటికాలు తళతళమంటూ దిగాయి. చప్పట్లు కొట్టారు.

“ఈ క్యాటలిస్ట్ ఎన్నిసార్లు వాడొచ్చు?” అని సివిల్ ఆయన అడిగాడు.

“ఐదుసార్లు సార్.”

“ఎక్సలెంట్. చాలా పవర్‌ఫుల్ అన్నమాట.”

ఆ తర్వాత అందరూ అద్దాల పెట్టె పక్కన నిలబడి ఫొటో దిగారు. వాళ్లు భోజనాలకు వెళ్లాక నేను నల్లపొడిని కడిగి దాచుకుందామని గరాటు దగ్గరికి వెళ్లాను. కాగితం తెల్లగా ఉంది. తిప్పి చూశాను. రెండో వైపూ తెల్లగానే ఉంది.

“ఆపా, నల్లపొడి ఏది?”

“అద్దాల పెట్టెల ఉంది గద మేడం.”

“అది కాదు. ఫ్లాస్క్‌లో వేసింది?”

“నేనేడికెల్లి ఎయ్యాలె? చెవి ప్రిన్సిపాల్ సార్ జేబుల ఉండె. మీరు అప్పటికే మాట్లాడవడితిరి. నడుమల ఎట్ల అడగాలె అని మిగిలినయి ఏసిన.” నా ముఖం చూసి గాబరాపడింది. “ఏమైంది మేడం? పొడి దిగింది గద. మంచిగనే దిగింది.”

అదే మరి, మంచిగానే దిగింది. స్ఫటికాలను ఆరబెట్టి తూచి చూశాను. నల్లపొడి వేసి నేను మూడు నెలలు సాధించిన దిగుబడికీ దీనికీ తేడా లేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఉత్ప్రేరకం లేకుండా కూడా ఒకసారి చేసి చూడాలన్నది కెమిస్ట్రీలో మొదటి పాఠం. దాన్ని బ్లాంక్ అంటారు. ఏటా మొదటి సంవత్సరం పిల్లలకు బోర్డు మీద రాసి కింద గీత గీసి చెబుతాను. నేను మాత్రం చేయలేదు. ఈ రియాక్షన్‌కు ఉత్ప్రేరకం కావాలని ఎన్నో పేపర్లు చెప్పాయి, అన్ని పేపర్లు చెప్పాక మళ్లీ చూసేదేముందని అనుకున్నాను.

మర్నాడు పొద్దున మూడు ఫ్లాస్కులు పెట్టాం. ఒకదాంట్లో ఏమీ వేయలేదు. రెండోదాంట్లో బ్లాక్‌బోర్డు దగ్గరి సుద్దముక్క నూరి వేశాను. మూడోదాంట్లో ఆపా పక్క వెంచర్‌లో కుప్పపోసిన ఇసుక కడిగి తెచ్చి వేసింది. మూడింటిలోనూ అవే తెల్ల స్ఫటికాలు దిగాయి. సుద్ద వేసినది నా ఉత్ప్రేరకం కంటే ఒక పిసరు ఎక్కువే ఇచ్చింది.

ఆపా చేతులు కట్టుకుని చూసి, “ఆళ్లిద్దరు ముందుగాల్నే ఒప్పుకున్నరు మేడం. లేచిపోయేటోళ్లకు మధ్యవర్తి ఎందుకు?” అంది.

నాకు నవ్వు రాలేదు. మూడు నెలలుగా నేను ఏ పనీ చేయని పొడిని ఐదుసార్లు కడిగి, ఐదుసార్లు ఆరబెట్టి, దానికోసం డీజిల్ కాల్చాను. కాగితానికి అంటుకుని పోయిన స్ఫటికాలను ఉత్ప్రేరకం అలసటగా లెక్క రాశాను. మెట్లు దిగినట్టు దిగిన ఆ అంకెలు నా చెంచా పనివే తప్ప రసాయనశాస్త్రానివి కావు.

శనివారం బస్సెక్కి గైడ్ దగ్గరికి వెళ్లాను. జరిగింది చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు.

“బ్లాంక్ ఎవరు చేయమన్నారమ్మా?”

“ఎవరూ అనలేదు సార్. పొరపాటున చేశాం.”

“ఈ రియాక్షన్ మీద ఎంతమంది ఎన్ని క్యాటలిస్టులు వేశారో తెలుసా? వాళ్లందరూ పిచ్చివాళ్లా?”

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి దారి చెప్పాడు. “వేడి చేయకు. గది వేడిలోనే చెయ్. పది నిమిషాలకే ఆపేయ్. బ్లాంక్ సగంలో ఉంటుంది. అప్పుడు తేడా కనిపిస్తుంది.”

“ఇంకో పావుగంట ఆగితే ఆ తేడా పోతుంది కద సార్?”

“ఆగమని ఎవరన్నారు?”

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ సలహా గురించే ఆలోచించాను. అందులో ఒక్క అబద్ధపు అంకె కూడా లేదు. పది నిమిషాలకు ఆపితే తేడా ఉంటుంది, అది నిజమే. నిజాలన్నీ రాసి, ఒక్క పావుగంట మాత్రం రాయకుండా ఉంటే డాక్టరేట్ వస్తుంది. ఆశ పడలేదని చెప్పను. దారిలో బొంగ్లూరు గేటు దాటేదాకా ఆశపడ్డాను. నన్ను ఆపింది నీతి అని చెప్పుకోవడానికీ లేదు. ఆపా ఇసుక కడిగి తెచ్చింది కద. ఆమెకు తెలుసు. రోజూ ఎదురుగా ఉండే మనిషికి తెలిసిన సంగతిని తెలియనట్టు రాయడం నాకు చేతకాలేదు.

సోమవారం ప్రిన్సిపాల్‌కు చెప్పడానికి వెళ్లాను. తిట్లకు సిద్ధపడే వెళ్లాను.

“క్యాటలిస్ట్ ఎయ్యకుండనే అయిందా?”

“అవును సార్. అది అవసరమే లేదు.”

ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. ముఖం వెలిగిపోయింది. “గట్లయితే ఇంకా గ్రీన్ కద మేడం!”

తర్వాతి వారం కాలేజీ కరపత్రంలో ‘ఉత్ప్రేరకం లేకుండా నడిచే హరిత ఉత్ప్రేరక పరిశోధన’ అని వచ్చింది. కమిటీ రిపోర్టు కూడా వచ్చింది. పచ్చదనానికి మంచి మార్కులే పడ్డాయి. అందులో నా ఉత్ప్రేరకం సామర్థ్యాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. అద్దాల పెట్టెను రిసెప్షన్‌లోకి మార్చారు.

నేను రాసిన పేపర్‌ను పక్కన పెట్టి, ఈ రియాక్షన్‌కు ఏ ఉత్ప్రేరకమూ అక్కర్లేదని మూడు పేజీలు రాసి ఒక పత్రికకు పంపాను. కొత్తదనం లేదని తిప్పి పంపారు. ఎవరో ముందే చెప్పారట. అయినా మిగిలినవాళ్లు ఉత్ప్రేరకాలు వేస్తూనే ఉన్నారు. ఇంకో పత్రికకు పంపితే, ‘ఏ ఉత్ప్రేరకం వాడారో రాయడం మరిచారు, దయచేసి చేర్చండి’ అని జవాబొచ్చింది.

గైడ్‌కు ఫోన్ చేసి పని మొదటినుంచి మొదలుపెడతానన్నాను. “ఇంకో రెండేళ్లు పడుతుంది. తర్వాత నన్ను అనకు,” అన్నాడు. మళ్లీ తనే, “మా రోజుల్లో పట్టికలో ఆ బ్లాంక్ గడి మేమూ ఖాళీగానే వదిలేవాళ్లం లే,” అని ఫోన్ పెట్టేశాడు. ఆ మాటతో ఆయన మీద నాకున్న కోపం చాలా వరకు పోయింది.

ఈసారి ముందు బ్లాంక్ చేసి, అది కదలకుండా ఉన్న రియాక్షన్‌నే ఎంచుకున్నాను. ఒక ఆల్కహాల్‌ను మామూలు గాలితో ఆక్సీకరణం చేసి, బాదం వాసన వచ్చే పదార్థంగా మార్చడం. అల్యూమినా మీద ఈసారి మాంగనీస్ ఆక్సైడ్ పట్టించాను. రెండు ఫ్లాస్కులు పక్కపక్కన పెట్టాం. పొడి వేయనిదాంట్లో సాయంత్రం దాకా వేడిచేసినా ఏ వాసనా లేదు. పొడి వేసిన ఫ్లాస్క్ మూత తీస్తే మధ్యాహ్నానికే ల్యాబంతా వాసన.

“బాదాం కీ జాలీ మిఠాయి వాసనొస్తున్నది మేడం,” అంది ఆపా ముక్కెగబీల్చి.

“దగ్గరగా పీల్చకు ఆపా, మంచిది కాదు,” అన్నాను కానీ నేనూ పీలుస్తూనే ఉన్నాను. ఇంకో పరీక్ష మిగిలింది. రియాక్షన్ సగంలో ఉండగా పొడిని వేడివేడిగా వడగట్టేసి, తేటను అలాగే మరగనివ్వాలి. పొడిలోంచి లోహం కరిగి తేటలో కలిసి అదే పని చేస్తుంటే, పొడి తీసేసినా రియాక్షన్ సాగుతుంది. సాగలేదు. తీసిన దగ్గరే ఆగిపోయింది. పని చేస్తున్నది పొడే. ఆ మధ్యాహ్నం నేను టిఫిన్ డబ్బా తెరవడం మర్చిపోయాను.

దిగుబడి మాత్రం అరవై శాతం దగ్గరే నిలిచింది. ఎన్ని తిప్పలు పడ్డా పెరగలేదు. నాలుగోసారి వాడేసరికి నలభైకి పడిపోయింది. మెట్లు లేవు, గోడ మీంచి దూకినట్టు దూకింది. అలాగే రాశాను. పొడి కడగడానికి ఎంత ఆల్కహాల్ పట్టిందో, ఫర్నెస్‌కు ఎంత కరెంటు పట్టిందో కూడా ఒక పట్టిక వేశాను. గైడ్ దాన్ని చూసి, “ఇది మన పద్ధతిని మనమే తిట్టుకున్నట్టుంది,” అన్నాడు కానీ కొట్టేయలేదు. థీసిస్ మౌఖిక పరీక్షకు బయటినుంచి వచ్చిన పెద్దాయన ఆ పట్టిక దగ్గరే గంటసేపు ప్రశ్నలు వేసి, చివరికి సంతకం పెట్టాడు.

థీసిస్ మొదట్లో కృతజ్ఞతల పేజీ ఉంటుంది. గైడ్, ప్రిన్సిపాల్, ఇంట్లోవాళ్ల తర్వాత ఆపా పేరు కూడా రాశాను. మా ల్యాబ్‌లో నల్లపొడి వేయకుండా రియాక్షన్ చేసిన మొదటి మనిషి ఆమేనని రాశాను. బైండింగ్ చేయించిన ఐదు కాపీలు ల్యాబ్‌కు తెచ్చి చూపించాను. ఆపా చేతులు కొంగుకు తుడుచుకుని పేజీ తిప్పింది. తన పేరు ఇంగ్లిష్‌లో ఎలా ఉంటుందో ఆధార్ కార్డు చూసి ఆమెకు బాగా తెలుసు. వేలు పెట్టి ఒక్కో అక్షరం లెక్కపెట్టింది.

“మేడం, గిది నా పేరేనా?”

“నీదే ఆపా.”

“ఒక అక్షరం తక్కువున్నది.”

చూస్తే నిజమే. రెండేళ్లు ప్రతి అంకెనూ మూడుసార్లు సరిచూసుకున్నదాన్ని, ఆ పేరును మాత్రం చూసుకోలేదు. పెన్ను తీసి మొదటి కాపీలో అక్షరం ఇరికించాను.

“మిగిలిన నాలుగుట్ల గూడ,” అంది ఆపా, స్టూలు నా పక్కకు లాక్కుంటూ.